ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి, కాకినాడకు దేహమిచ్చిన హాల్డేన్: రక్తసంబంధాల లెక్క

1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో 72 ఏళ్ల పెద్దాయన ఒకరు క్యాన్సర్‌తో కన్నుమూశారు. పుట్టింది ఇంగ్లండ్‌లో అయినా పోయేనాటికి ఆయన భారత పౌరుడు. ఆయన దేహాన్ని ఖననం చేయలేదు, దహనమూ చేయలేదు. ముందే రాసిపెట్టిన కోరిక ప్రకారం మన కాకినాడలోని రంగరాయ మెడికల్ కాలేజీకి, విద్యార్థుల చదువు కోసం ఇచ్చేశారు. ఆ పెద్దాయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ప్రపంచమంతా జె.బి.ఎస్. హాల్డేన్ అంటుంది.

ఎప్పుడో పోయిన ఒక ఇంగ్లిష్ సైంటిస్టు గురించి మన ఇళ్లలో ఎందుకు చదవాలి? కారణం ఉంది. మన దగ్గర రిష్తా మాటలు మొదలైతే ముందు వచ్చే ప్రశ్న, ఖాందాన్‌లోనే ఇద్దామా, బయట చూద్దామా అని. దగ్గరి సంబంధం చేసుకుంటే పిల్లలకు జబ్బులొస్తాయంటారు, నిజమేనా అని ఇంకో ప్రశ్న. పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే జబ్బు ఉంటే, ఇది ఎవరి వైపు నుంచి వచ్చిందని చుట్టాలంతా ఆరా తీస్తారు. చాలాసార్లు ఆ నింద కోడలి మీదే పడుతుంది. స్కూల్లో పరిణామం పాఠం చదివొచ్చిన పిల్లాడు, మనిషి కోతి నుంచి వచ్చాడా అని అడిగితే పెద్దలు నీళ్లు నములుతారు. ఈ ప్రశ్నలన్నింటినీ హాల్డేన్ కాగితం మీద పెట్టి లెక్క కట్టారు. కొన్నింటి జవాబు కోసం ఆయన శిష్యులు ఆంధ్రలోనే తిరిగి వివరాలు సేకరించారు.

నాన్న వెంట గనుల్లోకి

హాల్డేన్ 1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో కార్మికులు ఏ గాలి పీల్చి చచ్చిపోతున్నారో తెలుసుకోవడానికి తానే గనుల్లోకి దిగేవారు. కొడుకునూ చిన్నప్పటి నుంచే వెంట తీసుకెళ్లేవారు. ఒకసారి గనిలో మీథేన్ గాలి ఉన్న చోట పిల్లాణ్ణి నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నారు. అప్పజెబుతూ ఉండగానే ఊపిరాడక కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. కింద పడ్డాక మళ్లీ ఊపిరి అందింది. ఆ గాలి తేలికైనది, పైకప్పు దగ్గరే ఉంటుందని పిల్లాడికి జన్మలో మర్చిపోకుండా తెలిసొచ్చింది.

ముందు మన ఒంటి మీదే పరీక్షించుకోవాలి, తర్వాతే పక్కవాడికి చెప్పాలి అన్నది ఆ ఇంటి పద్ధతి. హాల్డేన్ దాన్ని చివరిదాకా పాటించారు. 1939లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. అలాంటి చోట చిక్కుకున్నవాళ్లు ఎలా బయటపడాలో తేల్చడానికి హాల్డేన్ ఇనుప గదిలో కూర్చుని, గాలి ఒత్తిడిని ఎక్కువ తక్కువ చేస్తూ తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నారు. వాటిలో కర్ణభేరికి చిల్లు పడింది, వెన్నెముకకు దెబ్బ తగిలింది. ఆ నొప్పి ఏళ్ల తరబడి వెంటాడింది.

చెల్లెలి గినీ పందులు

1901లో తండ్రి ఆయన్ను ఒక ఉపన్యాసానికి తీసుకెళ్లారు. మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి బఠాణీ మొక్కల మీద చేసిన పని గురించి ఆ ఉపన్యాసం. పొడుగు మొక్కనూ పొట్టి మొక్కనూ కలిపితే మొదటి తరంలో పొట్టితనం కనిపించదు, రెండో తరంలో నాలుగింటిలో ఒకదానికి మళ్లీ బయటపడుతుంది. అంటే పొట్టితనం ఎక్కడికీ పోలేదు, లోపల దాగి ఉంది. ఈ దాగి ఉండటమే మన కథకు అసలు తాళం చెవి.

హాల్డేన్ చెల్లెలు నవోమి, తర్వాత పెద్ద రచయిత్రి అయిన నవోమి మిచిసన్, ఇంట్లో గినీ పందులు పెంచేది. అన్నాచెల్లెళ్లు కలిసి ఏ రంగుదానికి ఏ రంగు పిల్లలు పుడుతున్నాయో రాసుకుంటూ పోయారు. తర్వాత ఎలుకలతోనూ అదే పని చేశారు. స్ప్రంట్ అనే మిత్రుడితో కలిసి ఆ ముగ్గురి పేర్లతో 1915లో పరిశోధన పత్రం అచ్చయింది. కొన్ని లక్షణాలు జంటగా ఒకే దారిన వారసత్వంగా వస్తాయని క్షీరదాల్లో చూపిన తొలి పని అది. అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. స్ప్రంట్ ఆ యుద్ధంలోనే చనిపోయాడు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, హాల్డేన్‌కు సైన్స్‌లో డిగ్రీయే లేదు. ఈటన్ స్కూల్ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది గణితం, ఆపైన గ్రీకు, లాటిన్ సాహిత్యం. యుద్ధంలో ఫ్రాన్స్‌లోనూ ఇరాక్‌లోనూ పోరాడారు. ఇరాక్‌లో గాయపడితే కోలుకోవడానికి ఇండియాకు పంపారు. ఈ దేశం మీద ఇష్టం అప్పుడే మొదలైంది. యుద్ధం అయ్యాక కేంబ్రిడ్జిలో బయోకెమిస్ట్రీ, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రం చెప్పారు.

పరిణామానికి లెక్క

డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. జీవుల్లో తేడాలు ఉంటాయి, పరిసరాలకు సరిపడేవి ఎక్కువ పిల్లల్ని మిగుల్చుకుంటాయి, అలా తరతరాలకూ జాతి మారుతుంది అని ఆయన వాదన. కానీ ఆ తేడాలు పిల్లలకు ఎలా అందుతాయో డార్విన్‌కు తెలియదు. అది చెప్పింది మెండెల్. ఈ రెంటినీ గణితంతో ముడివేసినవాళ్లు ముగ్గురు: ఇంగ్లండ్‌లో ఫిషర్, అమెరికాలో సీవల్ రైట్, మూడోవాడు హాల్డేన్. 1924 నుంచి వరసగా ఆయన రాసిన పత్రాలు, 1932లో వచ్చిన పుస్తకం ఈ పనికి పునాది.

ఒక ఉదాహరణ చూడండి. ఇంగ్లండ్‌లో పెప్పర్డ్ మాత్ అనే రాత్రి పురుగు ఉంది. సీతాకోకచిలుకకు చుట్టం లాంటిది. మామూలుగా తెల్లటి రెక్కల మీద నల్ల చుక్కలుంటాయి. 1848లో మాంచెస్టర్ దగ్గర నల్లటిది ఒకటి దొరికితే వింతగా రాసుకున్నారు. ఆ శతాబ్దం ముగిసేసరికి ఆ ఊళ్లో దాదాపు అన్నీ నల్లవే. ఫ్యాక్టరీల మసితో చెట్ల బెరడు నల్లబడింది. తెల్లవి పిట్టల కంట పడ్డాయి, నల్లవి తప్పించుకున్నాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత మార్పు రావాలంటే నల్లవి తెల్లవాటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగుల్చుకుని ఉండాలని హాల్డేన్ లెక్క తేల్చారు. గాలి శుభ్రం చేసే చట్టాలు వచ్చాక తెల్లవి మళ్లీ పెరిగాయి.

మనవాళ్లు తరచూ అడిగే రెండు ప్రశ్నలకు జవాబు ఇందులోనే ఉంది. ఒక పురుగు బతికుండగా తెల్లనుంచి నల్లగా మారదు. మారేది గుంపు, అదీ తరాల మీద. ఇక ఇదంతా గుడ్డి యాదృచ్ఛికమా అంటే, సగమే. జన్యువులో కొత్త మార్పు, అంటే మ్యుటేషన్, గురి చూసి రాదు. కానీ వచ్చిన మార్పుల్లో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అన్నది పరిసరాలను బట్టి ఒక పద్ధతిలో జరుగుతుంది. అందుకే దాన్ని లెక్క కట్టగలిగారు.

మరి కోతి సంగతి? ఇప్పుడున్న కోతి నుంచి మనిషి పుట్టాడని జీవశాస్త్రం చెప్పదు. చింపాంజీకీ మనిషికీ సుమారు 60-70 లక్షల ఏళ్ల కిందట ఉమ్మడి పూర్వీకులు ఉన్నారని చెబుతుంది. మన భాషలో చెప్పాలంటే, మీ చాచా కొడుకు మీకు దాదా కాడు. మీ ఇద్దరికీ దాదా ఒకరే. కోతులు ఇంకా ఎందుకున్నాయి అనే ప్రశ్న, నేనుండగా మా చాచా కొడుకు ఎందుకున్నాడు అని అడిగినట్టే ఉంటుంది.

ఒక సంగతి దాచాల్సిన పని లేదు. హాల్డేన్ దేవుణ్ణి నమ్మిన మనిషి కాదు, ఆ మాట రాతల్లో చెప్పుకున్నారు కూడా. కానీ మొదటి లెక్క వేసిన మెండెల్ మఠంలో బతికిన సన్యాసి. హాల్డేన్ తరంలోనే పరిణామ జన్యుశాస్త్రానికి మరో మూలస్తంభమైన దోబ్‌జాన్‌స్కీ క్రైస్తవ విశ్వాసి. బఠాణీల లెక్క ముగ్గురికీ ఒకటే వచ్చింది. ఈ లెక్క నుంచి విశ్వాసం గురించి ఏం అర్థం చేసుకోవాలన్నది వేరే చర్చ. ఆ చర్చ పేరు చెప్పి లెక్కనే చదవకుండా వదిలేస్తే నష్టం మన పిల్లలకే.

తప్పు ఎవరిది?

రక్తం గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా. విక్టోరియా రాణి కొడుకు లియోపోల్డ్‌కు ఉండేది. ఆమె కూతుళ్ల ద్వారా యూరప్ రాజకుటుంబాలకు పాకి, రష్యా యువరాజు అలెక్సీ దాకా వెళ్లింది. ఈ జబ్బు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు, ఒకటి చెడినా ఇంకోటి కాపాడుతుంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే, అది తల్లి నుంచే వస్తుంది. అందుకే తల్లికి పైకి ఏమీ కనిపించకపోయినా కొడుకుకు జబ్బు వస్తుంది.

చూశారా, తల్లి వల్లే కదా అని ఎవరైనా అనొచ్చు. హాల్డేన్ ఇక్కడే ఆగి ఇంకో ప్రశ్న వేశారు. ఆ రోజుల్లో ఈ జబ్బున్న మగపిల్లలు పెద్దవాళ్లై తండ్రులయ్యేది చాలా తక్కువ. జనాభాలో ఉన్న ఎక్స్‌లలో మూడోవంతు మగవాళ్లలోనే ఉంటాయి. అంటే ప్రతి తరంలో ఈ జన్యువులో దాదాపు మూడోవంతు పోతూ ఉండాలి. మరి జబ్బు ఎందుకు అంతరించలేదు? పోయినంత మేరా కొత్తగా పుడుతోంది కాబట్టి. అంటే చాలా ఇళ్లలో ఈ జబ్బు తాతల నాటిది కాదు, మ్యుటేషన్ వల్ల కొత్తగా వచ్చింది. 1935లో ఆయన ఈ దారిలోనే మనిషి జన్యువులో మ్యుటేషన్ ఎంత తరచుగా వస్తుందో మొదటిసారి అంచనా కట్టారు. ఒక తరంలో సుమారు 50 వేల ఎక్స్‌లలో ఒకదానికి అని తేలింది.

అందులో ఎవరి పాపమూ లేదు, ఎవరి నిర్లక్ష్యమూ లేదు. కణం తనను తాను నకలు తీసుకునేటప్పుడు దొర్లే పొరపాటు అది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే థలసీమియా లాంటి జబ్బులైతే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలిస్తేనే వస్తాయి. కోడల్ని ఒక్కదాన్నే నిలదీయడానికి శాస్త్రంలో చోటే లేదు. ఆడపిల్లే ఎందుకు పుట్టిందని ఆమెను తప్పుపట్టడానికీ లేదు. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి కణం ఎక్స్ తెచ్చిందా, వై తెచ్చిందా అన్నదాన్ని బట్టే ఉంటుంది.

చెడ్డ జన్యువు ఎందుకు పోలేదు?

థలసీమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కిస్తూ పోతే ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దాన్ని బయటికి పంపడానికి మళ్లీ మందులు వాడాలి. చికిత్స లేని రోజుల్లో ఆ పిల్లలు చిన్నప్పుడే పోయేవారు. అలాంటప్పుడు ఆ జన్యువు ఈపాటికి పోయి ఉండాలి కదా? మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న ఇటలీ, గ్రీసు లాంటి చోట్ల అది ఎంతో మందిలో ఉంది. అక్కడ మ్యుటేషన్లు ఎక్కువ వస్తున్నాయని కొందరన్నారు. హాల్డేన్‌కు ఆ మాట నచ్చలేదు.

1949లో అచ్చయిన తన వ్యాసంలో ఆయన వేరే కారణం చూపించారు. రెండు చెడ్డ జన్యువులున్న బిడ్డ చనిపోతుంది నిజమే. కానీ ఒక్కటే ఉన్నవాళ్లకు మలేరియాను తట్టుకునే బలం ఎక్కువ ఉండొచ్చు, మలేరియా ప్రాంతాల్లో వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ బతికి ఉంటారు, ఆ లాభం వల్లే జన్యువు నిలిచింది అన్నారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే డాక్టర్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ జన్యువు విషయంలో సరిగ్గా ఇదే జరుగుతోందని చూపించారు. థలసీమియా కూడా అంతేనని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఈ థలసీమియా జన్యువు ఒకటి మోస్తున్నారని అంచనా. దోమలూ మలేరియా ఉన్న నేల మనది. ఆ జన్యువు మోయడం అంటే ఖాందాన్‌కు మచ్చ కాదు. ఒకప్పుడు మన ముందుతరాలను మలేరియా నుంచి కాపాడిన దానికి ఇప్పుడు కడుతున్న ఖరీదు అది.

జాతుల రాజకీయం

1930లలో జర్మనీలో నాజీలు, ఇంకా అమెరికా, యూరప్‌లలో మరికొందరు, లోపమున్నవాళ్లకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేస్తే జాతి బాగుపడుతుందన్నారు. 1938లో హాల్డేన్ ఆ వాదం మీద పుస్తకమే రాశారు. అందులోని తర్కం ఇలా ఉంటుంది: పదివేల మందిలో ఒకరికి వచ్చే దాగున్న జబ్బు ఒకటుందనుకోండి. దాని జన్యువును మోసే ఆరోగ్యవంతులు దాదాపు యాభై మందికి ఒకరుంటారు. జబ్బుపడిన వాళ్లందరినీ కలిపినా వాళ్లలో ఉన్నది ఆ జన్యువుల్లో నూటికి ఒక వంతే. మిగతా 99 వంతులు ఆరోగ్యంగా తిరుగుతున్న మనలోనే ఉన్నాయి. కాబట్టి ఏ జాతీ, ఏ కులమూ, ఏ మతమూ మా రక్తం శుభ్రం అని చెప్పుకోవడానికి లేదు. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు శాస్త్రవేత్తలకు ఆయన తన దగ్గర చోటిచ్చారు కూడా.

అయితే ఆయన జీవితంలో మచ్చ లేకపోలేదు. కమ్యూనిస్టు పార్టీలో చేరిన హాల్డేన్, సోవియట్ రష్యాలో లైసెంకో అనే అధికార బలమున్న మనిషి జన్యుశాస్త్రాన్నే అణిచేస్తుంటే గట్టిగా ఖండించలేకపోయారు. గొప్ప రష్యన్ జన్యుశాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లోనే చనిపోయాడు. తర్వాత హాల్డేన్ పార్టీకి దూరమయ్యారు, కానీ ఆ మౌనం ఆయన పేరుకు అంటుకునే ఉంది. ఎంత తెలివైనవాడైనా తన పక్షం తప్పు చేసినప్పుడు నోరు విప్పడం కష్టమని దాన్నిబట్టి తెలుస్తుంది.

కలకత్తాకు వచ్చిన లండన్ ప్రొఫెసర్

1956లో బ్రిటన్ సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద దాడి చేసింది. హాల్డేన్ దాన్ని నేరమన్నారు. 1957లో లండన్ ఉద్యోగం వదిలి, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి ఇండియా వచ్చేశారు. మహలనోబిస్ ఆహ్వానం మీద కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. మన తెలుగువాడైన సి.ఆర్. రావు అప్పుడు అక్కడే పని చేస్తున్నారు. హాల్డేన్ కుర్తా, ధోవతి కట్టడం మొదలుపెట్టారు. మాంసం మానేశారు. భారత పౌరసత్వం తీసుకున్నారు.

ఖరీదైన యంత్రాలు లేవని మూలుగుతున్న విద్యార్థులకు ఆయన చెప్పిన దారి సులువైనది: కళ్లు తెరిచి చూడండి, లెక్కపెట్టండి. ఒక శిష్యుడు పారిజాతం పూల రేకులు లెక్కపెట్టాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు అనే కుర్రాడు, ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతోందో లెక్కపెట్టాడు. ఆ తర్వాత అదే లెక్క మనుషుల పెళ్లిళ్ల మీదకు మళ్లింది.

ఆంధ్ర పెళ్లిళ్ల లెక్క

యూరప్‌లో దగ్గరి చుట్టాల పెళ్లిళ్లు చాలా అరుదు. వాటి ఫలితం చూడాలంటే అక్కడ మనుషులు దొరకరు. ఆంధ్రలో అయితే హిందువుల్లో మేనమామ-మేనకోడలు పెళ్లి, మేనత్త మేనమామ పిల్లల పెళ్లి తరాల నుంచి ఉన్నాయి. ముస్లింలలో మేనమామ-మేనకోడలు నికా నిషిద్ధం. కానీ చాచా, ఫుప్పీ, మామూ, ఖాలా పిల్లల మధ్య నికా జరుగుతుంది. హాల్డేన్ ప్రోత్సాహంతో ద్రోణంరాజు, పి. మీరాఖాన్ అనే ఇద్దరు యువకులు ఆంధ్రప్రదేశ్‌లో ఈ పెళ్లిళ్ల వివరాలు సేకరించారు. 1960 నుంచి 1963 దాకా వాళ్ల పత్రాలు వచ్చాయి. దగ్గరి పెళ్లిళ్లు ఎంతమందిలో ఉన్నాయి, కులాన్ని బట్టి, చదువును బట్టి, పెళ్లికూతురి వయసును బట్టి ఎలా మారుతున్నాయి, పిల్లల మీద ప్రభావం ఏమిటి అని చూశారు. మీరాఖాన్ తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మానవ జన్యుశాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. మన పేర్లున్నవాళ్లు ఈ శాస్త్రంలో మొదటి వరసలోనే ఉన్నారన్న సంగతి మన పిల్లలకు చెప్పాలి.

ఇప్పుడు మీ ఇంట్లో వేసుకోగల లెక్క ఒకటి. ఒక నానా దగ్గర దాగున్న చెడ్డ జన్యువు ఒకటి ఉందనుకోండి. ఆయన ప్రతి బిడ్డకు అది వచ్చే అవకాశం సగం. మనవడికైనా మనవరాలికైనా పావు వంతు. ఇద్దరు అక్కాచెల్లెళ్ల పిల్లలు పెళ్లి చేసుకుంటే, ఇద్దరి దగ్గరా అది ఉండే అవకాశం 16లో ఒకటి. వాళ్లకు పుట్టే ఒక్కో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 64లో ఒకటి. అదే మనవడు బయటి అమ్మాయిని చేసుకున్నాడు, ఆ జన్యువు బయట నూరుమందిలో ఒకరికే ఉంది అనుకుంటే, 1,600లో ఒకటి. తేడా 25 రెట్లు. చాచా పిల్లలైనా, మామూ పిల్లలైనా ఈ లెక్క ఒకటే.

ఇది ఒక అరుదైన జబ్బు సంగతి. అన్ని జబ్బులూ కలిపి చూస్తే, మామూలు పెళ్లిళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలకు పుట్టుకతో తీవ్రమైన సమస్య ఉంటుంది. చాచా-మామూ పిల్లల పెళ్లిళ్లలో అది సుమారు నాలుగు నుంచి ఆరు దాకా ఉంటుంది. అంటే ప్రమాదం దాదాపు రెట్టింపు. అయినా నూటికి తొంభై నాలుగు మందికి పైగా ఆరోగ్యంగానే పుడతారు. మా ఖాందాన్‌లో అందరూ బాగానే ఉన్నారు కదా అనే పెద్దలూ అబద్ధం చెప్పడం లేదు, భయపెట్టే డాక్టరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరూ ఒకే లెక్కలో చెరో సగం చెబుతున్నారు.

ఇంకో మాట. బయటి సంబంధం చేసుకుంటే చాలు, ఏ భయమూ లేదనుకోవడమూ పొరపాటే. థలసీమియా జన్యువు ప్రతి పాతిక ముప్పై మందిలో ఒకరికి ఉంది కాబట్టి బయటి పెళ్లిలోనూ ఇద్దరూ మోసేవాళ్లే కలవొచ్చు. ఇద్దరూ అలాంటివాళ్లైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగులో ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది, ఇక మిగతా ముగ్గురికీ రాదు అని లెక్కేసుకోవద్దు. ప్రతిసారీ నాణెం కొత్తగా ఎగరేసినట్టే.

నికాకు ముందు ఒక రక్తపరీక్ష

ఈ లెక్కలన్నీ తెలిసిన తర్వాత చేయాల్సింది చిన్న పనే. సంబంధం ఖాయం కాకముందే అబ్బాయికీ అమ్మాయికీ మామూలు రక్తపరీక్షతో పాటు హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష చేయించాలి. థలసీమియా మోసేవాళ్లు పైకి ఆరోగ్యంగానే ఉంటారు. కొంచెం రక్తహీనత ఉందని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగేవాళ్లలో కొందరిది అసలు ఇదే అయి ఉండొచ్చు. ఒక్కరికే ఉంటే పిల్లలకు ఆ తీవ్రమైన జబ్బు రాదు, రిష్తా వదులుకోనక్కర్లేదు. ఇద్దరికీ ఉంటే పెళ్లికి ముందే కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. గర్భం వచ్చాక మొదటి మూడు నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేసే వీలుంది. దాని మీద ధార్మికమైన సందేహాలుంటే డాక్టర్‌ను, ఆలిమ్‌ను ముందే అడిగి తెలుసుకోవచ్చు. అప్పటిదాకా ఆగి కంగారుపడటం మంచిది కాదు. ఇంట్లో ఇప్పటికే జబ్బున్న బిడ్డ ఉంటే, ఆ ఖాందాన్‌లో సంబంధం కలుపుకునే ముందు ఆ వివరాలు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

ఇదేదో కొత్తగా దిగిన పద్ధతి కాదు. ఇరాన్‌లో 1997 నుంచి, సౌదీ అరేబియాలో 2004 నుంచి నికాకు ముందు ఇలాంటి పరీక్ష తప్పనిసరి. సౌదీలో ఫలితం ఎలా ఉన్నా పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది ఆ ఇద్దరి ఇష్టమే. తెలిసి నిర్ణయం తీసుకోవాలన్నదే ఉద్దేశం. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఇక్కడ మాత్రం పరీక్ష మాట ఎత్తితే మా పిల్లను అనుమానిస్తారా అని కోపాలొస్తాయి. అమ్మాయికి ఒక్కదానికే చేయించమంటే అది అనుమానమే. ఇద్దరికీ కలిపి చేయిస్తే అది జాగ్రత్త.

జబ్బును దాచని మనిషి

1961లో హాల్డేన్ కలకత్తా సంస్థతో విభేదించి బయటికొచ్చారు. తర్వాత ఒడిశా ప్రభుత్వం భువనేశ్వర్‌లో ఆయన కోసం జన్యుశాస్త్ర ప్రయోగశాల ఏర్పాటు చేసింది. అది నిలదొక్కుకోకముందే పెద్దపేగు చివర క్యాన్సర్ బయటపడింది. 1964 మొదట్లో లండన్‌లో ఆపరేషన్ జరిగింది. జనం సిగ్గుపడి దాచుకునే చోట వచ్చిన ఆ క్యాన్సర్ గురించి ఆయన ఆస్పత్రి నుంచే ఒక హాస్య కవిత రాసి పత్రికలో వేయించారు. లక్షణాలు కనిపిస్తే సిగ్గుపడకుండా త్వరగా డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నదే దాని సారం. తన సంతాప ప్రసంగాన్ని కూడా తానే బీబీసీ కోసం ముందుగా రికార్డు చేసి పెట్టారు.

చిన్నప్పుడు గనిలో తన ఊపిరితో పాఠం నేర్చుకున్న మనిషి, పోయాక తన దేహాన్నే కాకినాడ పిల్లలకు పాఠంగా వదిలి వెళ్లారు. ఆయన నమ్మకాలన్నీ మనకు నచ్చాలని లేదు. జబ్బును దాచొద్దు, నింద వేయొద్దు, ముందే లెక్క చూసుకోండి అన్న ఆయన పద్ధతి మాత్రం మన ఇళ్లకు పనికొస్తుంది. ఈసారి ఇంట్లో రిష్తా మాటలు జరిగేటప్పుడు కట్నకానుకల జాబితా కంటే ముందు ఆ ఒక్క రక్తపరీక్ష కాగితం రెండు వైపుల నుంచీ బల్ల మీదకు రావాలి.